పాములకు అరలు కట్టిన మేస్త్రి

మా మేస్త్రి పోయాడన్న కబురు నాకంటే ముందు చిన్న కఫీల్‌కు చేరింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, అది విని నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, ఉక్రోషం. మేస్త్రీ నేనూ ఒకే జిల్లా వాళ్ళం. జిద్దాలో పదకొండేళ్ళు ఒకే గదిలో మంచం పక్కన మంచం వేసుకుని పడుకున్నాం. అయినా ఆయన కూతురు వాయిస్ మెసేజ్ పెట్టింది నాకు కాదు, సౌదీవాడైన ఆ చిన్న కఫీల్‌కు. ఆయన ఫోన్ పట్టుకుని బలద్ బజారు పక్కనున్న మా దుకాణానికి వచ్చి, "ఇందులో ఏముందో చెప్పు" అన్నాడు. "సార్, మా నాయిన పొద్దుగాల చాయ తాగి అరుగు మీద కూసున్నడు. కూసున్నట్టే పోయిండు" అని ఉంది అందులో. ఆ మాట నా నోటితోనే అరబ్బీలో చెప్పాల్సి వచ్చింది. ఆయన రంపపు పొట్టు మీదే చతికిలబడి ఏడ్చాడు. రేపు నేను పోతే ఈ మనిషి ఇలా ఏడుస్తాడా అని ఆ క్షణంలో కూడా అనుకున్నాను. అంత కుళ్ళు నాది.

మా వీసాలు మా యజమాని, పెద్ద కఫీల్ పేరున ఉండేవి. ఆయన కొడుకునే మేం చిన్న కఫీల్ అనేవాళ్ళం. ముప్ఫై దాటిన మనిషి. మేస్త్రి వడ్రంగి, నేను ఎలక్ట్రీషియన్ని. బలద్ దుకాణాలకు అరలు, కౌంటర్లు చేసేవాళ్ళం. నన్ను అక్కడ చేర్చింది మేస్త్రే. "మా తమ్ముడే, కరెంటు పని మంచిగ చేస్తడు" అని చెప్పి, నాకు పని దొరికేదాకా తన రొట్టెలో సగం పెట్టాడు. అది కూడా నాకు కోపమే. ఎవరి రొట్టె తిన్నామో వాళ్ళ ముందు జన్మంతా తల వంచుకోవాలి కదా.

చిన్న కఫీల్‌కు పాముల పిచ్చి. ఆఫ్రికా కొండచిలువలు పెంచేవాడు. పొట్టివి, లావుపాటివి, భయపడితే బంతిలా చుట్టుకుంటాయి. సౌదీలో పాములకు వేడి పెట్టడమేమిటని మీరు నవ్వవచ్చు. బయట పెనంలా కాలే మాట నిజమే. కానీ ఆ విల్లాలో ఏసీ ఏడాది పొడుగునా ఆగదు, ఆ చలిలో పాముకు కడుపు కింద వెచ్చదనం లేకపోతే తిన్నది అరగదు. అమెరికాలో పాములను పెట్టే అరల బొమ్మ ఒకటి ఆయన ఫోన్‌లో చూపించి, ఇలాంటిది చేయగలవా అని మేస్త్రిని అడిగాడు. మేస్త్రి కళ్ళద్దాలు తుడుచుకుని చూసి, "గింతేనా? మా ఊరి కిరాణం కొట్టుల సొరుగులు గిట్లనే ఉంటయి" అన్నాడు.

చేశాడు కూడా. ప్లైవుడ్ అరలు, ఒక్కో అరలోకి మూత లేని ప్లాస్టిక్ డబ్బా సొరుగులా జారేలా. పై అర అడుగే కింది డబ్బాకు మూత. సందు ఎక్కువైతే పాము బయటికొస్తుంది, తక్కువైతే డబ్బా కదలదు. మేస్త్రి జేబులోంచి తన ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, తీసి ఆ సందులో పెట్టి చూసేవాడు. "ఇకామా దూరాలె, పాము దూరొద్దు" అనేవాడు. అర వెనక భాగంలో గాడి చెక్కేవాడు. అందులో వేడి పట్టీ పరిచి, థర్మోస్టాట్ బిగించి, దాని సెన్సర్ వైరును పట్టీకి అంటించడం నా వంతు. ఆ వైరు చెప్పినదాన్ని బట్టే థర్మోస్టాట్ కరెంటు ఆపుతుంది. వైరు పక్కకు జారిందా, దానికి చల్లగానే తోస్తుంది, పట్టీ కాలుతూనే ఉంటుంది.

పాములను దించే ముందు మేస్త్రి ప్రతి డబ్బాలో అరచెయ్యి పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకునేవాడు. తర్వాత పాముకు దండం పెట్టేవాడు. మొదటి రోజు గిన్నెడు పాలు తెమ్మంటావా అని చిన్న కఫీల్‌ను అడిగితే ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుతోనే ఇద్దరూ దోస్తులయ్యారు. నేను ఏళ్ళ తరబడి నేర్చుకున్న అరబ్బీ ఎందుకు? మేస్త్రి నాలుగు ముక్కలతో, రెండు చేతులతో మాట్లాడి మనిషిని గెలుచుకునేవాడు. చిన్న కఫీల్ స్నేహితులు కూడా వచ్చి అరలు చేయించుకున్నారు. అందరి నోటా మేస్త్రిని "ముఅల్లిం, ముఅల్లిం" అని గురువును పిలిచినట్టు పిలిచే మాటే. వైర్లు ఎవరు వేశారని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. సొమ్మొకడిది సోకొకడిది అని నేను గొణుక్కునేవాణ్ణి. "సార్, పాణం పోసేది మా తమ్ముడే, నేను ఒట్టి పెట్టెలు చేసేటోణ్ణి" అని మేస్త్రే చెప్పేవాడు. ఆయన చెబితే తప్ప నా పని కనబడదా అని ఇంకా మండేది.

ఒకరోజు కొత్త అరలు బిగిస్తున్నాం. మధ్యాహ్నం చిన్న కఫీల్ పెద్ద పళ్ళెంలో మాంసం కలిపిన అన్నం, కబ్సా తెప్పించి మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నన్నూ పిలిచారు, కాదనను. మేస్త్రిని పిలిచిన తర్వాత పిలిచారు. ఆకలి లేదని చెప్పి వైర్ల దగ్గరే ఉండిపోయాను. సెన్సర్ అంటించే వెండి టేపు అయిపోయింది. బజారుకు పోయి తేవచ్చు, లేదా చెబితే వాళ్ళే తెప్పించేవారు. నోరు తెరవబుద్ధి కాలేదు. జేబులో ఉన్న నల్ల టేపు చుట్టి పడేశాను. వేడికి నల్ల టేపు జిగురు కరిగిపోతుందని నాకు తెలియక కాదు.

చేతులు కడుక్కుని వచ్చి మేస్త్రి అడిగాడు: "తమ్మీ, వైరు గట్టిగ పట్టిందా?"

"నీ చెక్క పని నువ్వు సూసుకో అన్నా" అన్నాను.

ఆయన తన ఉలి తీసుకుని పక్క అర దగ్గరికి జరిగాడు.

కొన్ని వారాలకు పసుపుపచ్చ పాము ఒకటి డబ్బాలో చచ్చి ఉంది. చిన్న కఫీల్‌కు ప్రాణం లాంటిది అది. నేను అర వెనక చెయ్యి పెట్టి చూస్తే టేపు ముడుచుకుని వేలాడుతోంది, వైరు జారి కింద ఉంది. ఎవరూ చూడకముందే టేపు పీకి జేబులో వేసుకున్నాను. "డబ్బా లాగినప్పుడు తగిలి వైరు జారినట్టుంది" అన్నాను. మేస్త్రి ఆ డబ్బాను నాలుగైదుసార్లు లోపలికి తోసి, బయటికి లాగి చూశాడు. "నా సొరుగే రాసుకుంది సార్. ఇంకో దారమంత ఎడం ఇడవాలె. నాదే తప్పు" అన్నాడు. నేను నా స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ నిలబడ్డాను.

అవి నితాఖాత్ రోజులు, ప్రతి దుకాణంలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలన్న చట్టం వచ్చిన రోజులు. సౌదీ పనివాళ్ళు తక్కువని మా దుకాణం రెడ్ జాబితాలో పడింది, పైన ఒక్కో పరాయి పనివాడికీ కట్టాల్సిన లెవీ వచ్చిపడింది. అందరి ఇకామాలూ కట్టలేనని, ఒక్కణ్ణే ఉంచుకుంటానని పెద్ద కఫీల్ తేల్చేశాడు. ఎవరిని ఉంచాలో కొడుకును అడిగాడు. పాము చావకపోతే కొడుకు ఏం చెప్పేవాడో నాకూ తెలుసు, మీకూ తెలుసు. మేస్త్రి పాస్‌పోర్టు మీద ఖురూజ్ పడింది. ఇక తిరిగి రావడం లేదని అర్థం. విమానాశ్రయంలో నా భుజం పట్టుకుని, "మంచిగుండు తమ్మీ. సొరుగులు మెల్లగ గుంజుమని సార్‌కు జెప్పు" అన్నాడు. టేపు మాట నా నాలుక మీదికి వచ్చింది. లైను కదిలింది, ఆయన లోపలికి పోయాడు.

ఆ వారమే అన్ని అరలకూ వెండి టేపు వేశాను. ఆ తర్వాత ఒక్క పామూ చావలేదు. అయినా చిన్న కఫీల్ వారం వారం ఫోన్ చేసింది ఊళ్ళో ఉన్న ముఅల్లింకే. పామును చంపాడనుకున్న మనిషి మీద అంత ప్రేమ. బతికిస్తున్న నన్ను తిన్నావా అని అడిగింది లేదు. ఆ ఉక్రోషంలో నేను మేస్త్రికి ఫోన్ చేయడమే తగ్గించాను.

చావు కబురు వచ్చిన శుక్రవారం, నమాజ్ అయి దుకాణాలు తెరిచే వేళకు ఆ అమ్మాయికి వీడియో కాల్ చేశాను. పరామర్శకే చేశాననుకోండి. కానీ నోట్లోంచి ముందు వచ్చింది, "నాకెందుకు జెప్పలేదు బిడ్డా?" అనే.

"గంత దూరంల నువ్వు ఒక్కనివే ఇంటె ఏమైతవో అని భయమైంది కాకా. సార్‌కు పెడితే, తెలుగు రాదు గద, నీ తానకొచ్చే వింటడు, పక్కన ఒక మనిషి ఉంటడు అనుకున్న" అంది.

ఆ అమ్మాయే ఫోన్ పట్టుకుని ఇల్లంతా చూపించింది. వాకిట్లో, పందిరి కింద ఒక చెక్కపెట్టె ఉంది. ఊరికి తిరిగొచ్చాక మేస్త్రి కోడిపిల్లల కోసం చేసిన వెచ్చటి పెట్టె. "దినాం పదిసార్లు అందుల చెయ్యి పెట్టి సూసేటోడు కాకా. ఊకె ఎందుకు నాయినా అంటె, సౌదీల ఒక పాణం తీసిన బిడ్డా, మల్ల తియ్య అనేటోడు" అంది.

"అమ్మా, అది మీ నాయిన తీయలేదు" అన్నాను. "నల్ల టేపు నేనే ఏసిన. ఊడిపోతదని తెలిసే ఏసిన. ఆయన పేరు మీద పోనిచ్చిన."

ఫోన్ పక్కకు ఒరిగి, తెర మీద ఆ అమ్మాయి మొహం పోయి పందిరి కనబడింది.

"ఇప్పుడు జెప్తున్నవా కాకా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఎవరో పిలిచినట్టున్నారు, ఫోన్ పెట్టె అంచుకు ఆనించి లోపలికి పోయింది. కాల్ కట్ చేయలేదు. నాకు పెట్టె లోపల కనబడుతోంది. బల్బు కింద కోడిపిల్లలు ఒకదాని మీద ఒకటి ఒరిగి పడుకున్నాయి. గోడ పక్కన సెన్సర్ వైరు. దాని మీద రాగి తీగ ఎనిమిదో తొమ్మిదో చుట్లు. తీగ మీద రేకు ముక్క, ఆ రేకుకు నాలుగు మూలలా మేకులు. మేకులు ఊడతాయేమోనని మళ్ళీ వాటి చుట్టూ దారం, ముడి మీద ముడి.