రెండు ప్రతులూ దాచిన నజీహా

స్ఫాక్స్ నగరంలో మా వ్యవసాయ కళాశాల గ్రంథాలయంలో పత్రికల విభాగమంటే ఒకప్పుడు పన్నెండు బీరువాలు. పత్రికలన్నీ ఇంటర్నెట్‌లోకి వెళ్లిపోయాక ఆ బీరువాలను వ్యాయామశాలకు తరలించారు. వాటిని చూసుకునే నజీహా కమ్మూన్‌ను ఎక్కడికి తరలించాలో మాత్రం ఎవరికీ తోచలేదు.

"ఇంకా మీకిక్కడ పనేముంది లల్లా? ఇంటికెళ్లి హాయిగా ఆలివ్‌లు ఊరవేసుకోండి" అన్నాడు ప్రొఫెసర్ మోన్సెఫ్ గర్గూరి, సమావేశంలో అందరి ముందూ, లల్లా అని మర్యాదగా పిలుస్తూనే. "ఇంటర్నెట్‌లో పెట్టింది ఎక్కడికి పోతుంది?"

నజీహాకు నవ్వొస్తే కళ్లజోడు తీసి తుడుచుకుంటుంది. ఆరోజు చాలాసేపు తుడిచింది.

మర్నాటి నుంచి మా కళాశాల ఆన్‌లైన్ పత్రికలో వచ్చే ప్రతి వ్యాసాన్నీ మూడు డిస్కుల్లో దాచడం మొదలుపెట్టింది. ఒకటి గ్రంథాలయంలో, ఒకటి గాబెస్‌లో స్నేహితురాలి దగ్గర, ఒకటి కైరవాన్‌లో వాళ్లక్క వంటింట్లో. ఒకేచోట ఉంటే ఒకే ప్రమాదానికి అన్నీ పోతాయట. దాచిన ప్రతిదానికీ కంప్యూటరు ఓ పొడుగాటి సంఖ్య ఇస్తుంది. ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. నెలనెలా కూర్చుని ఆ సంఖ్యలన్నీ సరిచూసేది. ఎవరైనా వ్యాసాన్ని మారిస్తే కొత్తదీ దాచేది, పాతదాన్ని చెరిపేది కాదు.

వాళ్లక్క ఫోన్లో సాధించేది. పక్క బల్ల దగ్గరున్న నాక్కూడా వినబడేంత గట్టిగా.

"ఏమే, నా వంటింట్లో ఈ డిస్కు డబ్బా ఇంకెన్నాళ్లు? మొన్న కోడలు మక్రూద్ మిఠాయి అనుకుని తెరిచి ఉసూరుమంది."

"ముట్టుకోలేదు కదా?"

"ఒళ్లు మండి విసిరికొట్టబోయింది. నేనే పట్టుకున్నా!"

ఇలా ఆరేళ్లు గడిచాయి. ఒక వసంతంలో పత్రిక ఇంటర్నెట్ చిరునామా గడువు తీరితే పొడిగించడం కళాశాల మరిచిపోయింది. దాన్ని ఇంకెవరో కొనేశారు. పత్రిక తెరిస్తే జుట్టు పెంచే నూనె ప్రకటన! ఒక బట్టతల పెద్దమనిషి, పక్కనే అదే పెద్దమనిషి ఒత్తయిన జుట్టుతో. అసలు ఫైళ్లున్న యంత్రం అంతకుముందే పాడైపోయిందని అప్పుడు బయటపడింది. సరిగ్గా అదే నెలలో పదోన్నతుల దరఖాస్తులు, వాటికి తాము రాసిన వ్యాసాలు జత చేయాలి.

పదకొండు మంది అధ్యాపకులు మా గదికి వరస కట్టారు. అందరికంటే వెనకగా, అటూ ఇటూ చూసుకుంటూ మోన్సెఫ్ గారొచ్చాడు.

"లల్లా నజీహా, ఆలివ్ వేళ్లకు ఉప్పునీళ్లు పెట్టడం మీద నేను రాసిన వ్యాసం... మీ దగ్గరేమైనా..."

"రండి సీ మోన్సెఫ్, కూర్చోండి. లేకేం? రెండున్నాయి" అంది, మర్యాదకు 'సీ' చేర్చి పిలుస్తూ.

"రెండేమిటి?"

ఆమె రెండూ అచ్చుతీసి ఆయన ముందు పెట్టింది. నాలుగేళ్ల కిందట మార్చిలో వచ్చినదాని మీద రెండు పేర్లున్నాయి: మోన్సెఫ్ గర్గూరి, రిహాబ్ లూకీల్. అదే ఏడు జూన్‌లో ఉన్నదాని మీద ఒక్కటే పేరు. రిహాబ్ ఆయన విద్యార్థిని. రెండు వేసవులు ఎండలో తోటలు తిరిగి వేళ్లు తవ్వింది ఆ పిల్లే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అదేదో పొరపాటుగా పడింది. ఆ పాతది తీసేయండి."

"తీసేయడం నాకు రాదండీ. దాచడం ఒక్కటే వచ్చు."

"ఈ సంగతి ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు, గాబెస్‌లో మా స్నేహితురాలికి తెలుసు, కైరవాన్‌లో మా అక్క వంటింటికి తెలుసు."

నేను నవ్వు ఆపుకోలేక పుస్తకాల సందులోకి వెళ్లిపోయాను.

మర్నాడు బక్లావా మిఠాయి పెట్టె వచ్చింది. నజీహా దాన్ని వరసలో నిలబడ్డవాళ్లందరికీ పంచింది. "సీ మోన్సెఫ్ ఇచ్చారు, తినండి" అని ఒక్కొక్కరికీ చెప్పి మరీ. ఎందుకిచ్చారని అందరూ అడిగారు. "ఆయన్నే అడగండి" అంది. సాయంత్రానికి కళాశాలంతా ఆయన్ని అదే అడిగింది.

అంతలో పదోన్నతుల సంఘం నుంచి కాగితం వచ్చింది: పత్రిక పోయింది కాబట్టి గ్రంథాలయం దగ్గరున్న ప్రతులన్నీ తేదీలతో సహా పంపాలని. 'అన్నీ' అన్న మాట కింద నజీహా ఎర్ర గీత గీసి, ఆ కాగితాన్ని తనే స్వయంగా మోన్సెఫ్ గారి చేతికిచ్చింది.

"శుక్రవారం పంపాలి. ఈలోగా మీరేమైనా రాసిస్తే అదీ కలిపి పంపుతాను."

గురువారం ఆయన సవరణ లేఖ తెచ్చాడు. మొదటి ప్రతే సరైనదనీ, రెండో పేరు ఉండాల్సిందేననీ. దరఖాస్తు మాత్రం ఆ ఏడాదికి వెనక్కి తీసుకున్నాడు.

రిహాబ్ అప్పటికి ఒక బడిలో సైన్సు పాఠాలు చెప్పుకుంటోంది. నజీహా ఫోన్ చేసింది.

"బిన్తీ, నా తల్లీ, నీ పేరు మా దగ్గర క్షేమంగా ఉంది. వచ్చి చూసుకో."

అవతల నుంచి రిహాబ్, "ఆ మార్చిలో నా పేరు చూసినట్టు నేనే కలగన్నానేమో అనుకున్నా లల్లా. ఇన్నేళ్లూ" అంది.

ఆ శనివారం వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ముసలమ్మకు చదువు రాదు. కంప్యూటరు తెర మీద కూతురి పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, వేలు పెట్టి తడిమి చూసింది. శరదృతువులో రిహాబ్ డాక్టరేటుకు చేరింది, వేరే ప్రొఫెసర్ దగ్గర.