ఏడుల జత

బాపు చనిపోయిన నెలకు కాలువ వదిలారు. నిజాంసాగర్ నీళ్లు మా తూముదాకా వచ్చేసరికి సన్నబడతాయి. ఆ తూము కింద రెండే చెరకు చేలు: ఒకటి మాది, ఒకటి బాపు దోస్తుది. ఆయనను నేను కాకా అంటాను. చెరో ఆరు గంటల నీళ్లు. ఆ గంటలనే పందెం పెట్టి వాళ్లిద్దరూ మూడు పత్తాల పేకాట ఆడేవాళ్లు.

ఆ పొద్దున నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చి చూస్తే మా దిగువ చెరకు ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. ఆరు గంటలూ పెట్టినా చాలేట్టు లేవు.

"మీ బాపు జాగాల కూసో బిడ్డా. ఆడకుంటె లే, జబర్దస్తీ ఏం లేదు" అన్నాడు కాక, మోటరు కొట్టం నీడలో పత్తాలు కలుపుతూ. కూర్చున్నాను.

మొదట చెరో గంట పెట్టాం. నాకు రెండు ఏడులు, ఒక రాణి వచ్చాయి. ఆయన తన పత్తాలు చూసీ చూడకముందే "ఇంకో రెండు గంటలు" అన్నాడు.

ఏడుల జత పెంచే ఆట కాదు, పారేసే ఆటా కాదు. పడేస్తే పోయేది ఒక గంట. ఆ రెండూ కట్టి షో అడిగి, పత్తాలు తిప్పించి ఓడితే మూడు గంటలు పోతాయి, దిగువ చెరకుకు చుక్క అందదు.

మంచి పత్తాలుంటే కాక తొందరపడడు. మాట్లాడిస్తూ, ఒక్కో గంట పెంచుతూ లాక్కుపోతాడు. చిన్నప్పుడు బాపు వెనుక కూర్చుని అది చాలాసార్లు చూశాను. ఇవాళ తరుముతున్నాడు. అయినా నా మీద నాకే అనుమానం. ఆయనను చూసి అడగాలనుకుంటున్నానా, ఈ నెలలో ఇంకొకటి వదులుకోలేకనా?

"ఏందే, గంతసేపు సదువుతున్నవ్? పేపర్ గాదది."

బాపు బతికి ఉన్నా ఇక్కడ షో అడిగేదాన్నే అనిపించింది.

"షో, కాకా."

కాక తిప్పాడు: ఆసు, పది, నాలుగు. రంగు కూడా కలవలేదు.

"మీ బాపయితె పడేసేటోడు" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. "శానసార్లు పడేసిండు."

ఆయన తల ఎత్తకుండా పత్తాలు ఏరుకున్నాడు. పార తీసుకుని వెళ్లి ఆయన వైపు కాలువకు మట్టి అడ్డం వేశాను, మా వైపు తీశాను. ఆయన చెరకూ ఎండే ఉంది.

తొమ్మిది గంటలూ తీసుకున్నాను.