సోషియాలజీ క్లాసులో సాక్ష్యం

పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఆ కొత్త రోజుల్లో నల్లబల్ల ముందు నిలబడినా నాకు ప్రసంగవేదిక ఎక్కినట్టే ఉండేది. ఆదివారం వికారాబాద్‌లో మా చర్చి సంఘం పిల్లలకు వాక్యం చెప్పి, సోమవారం పొద్దున్నే రైలెక్కి తాండూరు డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పేవాణ్ణి. (రెండుచోట్లా గొంతు ఒకటేనని మా అక్క ఎగతాళి.) ఉద్యోగం తాత్కాలికం. శనివారం క్లాసులో కూర్చుని, నన్ను ఉంచాలో పంపాలో తేలుస్తానన్నాడు ప్రిన్సిపాల్. సంఘమంతా నా ఉద్యోగం కోసం ప్రార్థిస్తోంది గనుక, అది ఊడితే నాకే కాదు, ప్రార్థనకూ చిన్నతనమే.

ఆ శనివారం పాఠం చదువుకూ సంపాదనకూ ఉన్న సంబంధం. ముందురోజే పిల్లలను ఇంటి నుంచి తలా ఒక సాక్ష్యం తెమ్మన్నాను. నా ఉద్దేశం ఉదాహరణ. సంఘంలో సాక్ష్యమంటే వేరు: దేవుడు తన బతుకులో చేసిన మేలును లేచి పదిమందికీ చెప్పడం. మర్పల్లి నుంచి వచ్చే అమ్మాయి ఆ సాక్ష్యమే తెచ్చింది. ముందుకొచ్చి, చున్నీ తలమీద కప్పుకొని, కళ్లు మూసుకుంది.

"అందరికి వందనాలు. మా అమ్మ సదువుకోలే, పత్తి ఏరవోతది. మా చిన్నమ్మ నర్సు సదివి నౌకరి జేస్తది. ఒక్క తల్లి కడుపుల వుట్టిన్రు. మా ఇంటికి రేకులు, ఆమె ఇంటికి స్లాబు. గిదే నా సాక్ష్యం."

సగం క్లాసు ఆమెన్ అంది. ఆపాల్సిన నేను అలవాటుకొద్దీ "దేవునికి స్తోత్రం" అనేశాను. ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంతలో దౌల్తాబాద్ కుర్రాడు లేచాడు.

"మా కాక ఐదు గూడ సదవలే సార్. నాపరాయి గని ఉన్నది. ఎంబీయే సదివిన మా అన్న ఆయన దగ్గరనే జీతానికున్నడు. గిప్పుడు స్తోత్రం అనాల్నా, వద్దా?"

గని ఎక్కడిదని అడిగాను. తాత భూమిలో పడ్డదన్నాడు.

"అను నాయనా. తాత ఇచ్చిండు గద. భూమి లేనోళ్లకు సదువే తాత," అన్నాను.

క్లాసంతా నవ్వింది. గంట కొట్టాక ప్రిన్సిపాల్ నా దగ్గరికి వచ్చాడు.

"ఉండుండ్రి సార్. నిద్రవోయినోడు ఒక్కడు లేడు. జర, కానుకల సంచి మాత్రం తిప్పకుండ్రి."

ఇప్పుడు సాక్ష్యం అనను, జాగ్రత్తగా 'ఆధారం' అంటాను. పిల్లలు ఫోన్లోంచి చక్కటి ఆధారాలే తెస్తారు, సొంత ఇంటి సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. రెండు మాటలకూ తేడా తెలియని అప్పటి నాలోని ఆ కుర్ర సారు ఇప్పటి నాకన్నా మంచి ప్రశ్నే అడిగాడని, రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకుంటాను.