నొప్పి చెప్పని గుండె

ఛాతీలో నొప్పి లేకుంటే గుండె క్షేమమని నమ్మే మధుమేహ రోగులు నేటికీ నా వద్దకు వస్తున్నారు. ఆ నమ్మకం ప్రాణాంతకం. కనుకనే ఈ అనుభవాన్ని రాసి ఉంచడం నా విధిగా భావిస్తున్నాను.

2018లో మధుమేహం ఉన్న శ్రీరాంపూర్ బొగ్గు గని కార్మికుడు రాజలింగును అతని భార్య మల్లవ్వ నస్పూర్‌లోని నా క్లినిక్‌కు వెంటబెట్టుకొని వచ్చింది. గనిలోంచి పైకి నడిచి వస్తూ అతడు దారి మధ్యలోనే కూలబడ్డాడట.

"నొప్పేం లేదు సారు. జర దమ్మొస్తుంది. బొగ్గు దుమ్ము గదా!" అన్నాడు.

ఫాస్టింగ్ షుగర్, అనగా పరగడుపున చూసే చక్కెర, సక్రమంగా ఉంది. సుమారు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ మాత్రం మితిమీరి ఉంది. కారణం అడిగాను.

"పరీక్షంటె రెండ్రోజులు గోలీలు మింగుడు, కడుపు మాడ్సుకునుడు. అయిపోయిందంటె పళ్లెం నిండ అన్నం, బెల్లం చాయ!" అని మల్లవ్వ ఎత్తిపొడిచింది.

"నువ్వు జర ఊకో! కంపెనీ డాక్టరు అన్‌ఫిట్ రాస్తె గనిల దిగనియ్యరు. ఇంట్ల కూసోని నీ మొగం సూడాల్నా?"

"సూడు. బతికన్న ఉంటవు."

నేను నవ్వలేదు. "రాజలింగూ, గని పైకప్పు చప్పుడు చేయకపోతే నిర్భయంగా దాని కింద నిలబడతావా?"

"ఎట్ల నిలబడ్త సారు? రాడ్‌తోని కొట్టి సూస్త. ఠంగుమంటె గట్టి. బోలుగ మోగితె లోపట డొల్ల."

"అధికారులు తనిఖీకి వచ్చిన రోజు మాత్రమే కొడతావా?"

"దిగినప్పుడల్ల కొట్టాలె. లేకుంటె..."

అప్పుడు వివరించాను. ఏళ్ల తరబడి అదుపు తప్పిన చక్కెర గుండెకు రక్తం చేర్చే నాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, నాళాలు ఇరుకవుతాయి. నరాలు కూడా మొద్దుబారితే నొప్పి తెలియదు. కొందరికి ఆయాసమొక్కటే హెచ్చరిక.

"గట్లయితె నా గుండె డొల్లేనా సారు?"

"పరీక్షించకుండా చెప్పను."

కరీంనగర్‌లో యాంజియోగ్రామ్, అనగా నాళాల్లోకి మందు పంపి తీసే చిత్రం, ఒక ప్రధాన నాళం దాదాపు మూసుకుపోయిందని చూపింది. దాన్ని తెరచి ఉంచేందుకు స్టెంట్ అనే సన్నని జాలీ గొట్టం అమర్చారు.

"ఇగ షుగర్ ఫికర్ లేదు గదా సారు?" అంటూ తిరిగి వచ్చాడు.

"ఒక్కచోట ఆసరా పెట్టారు. మిగతా పైకప్పు సంగతి?"

అతనికి గనిలోకి దిగనవసరం లేని ఉపరితల పని ఇచ్చారు. మందులు, మితాహారం, నడక నియమంగా సాగాయి, పొగాకు మానాడు, చక్కెర అదుపులోకి వచ్చింది. ఏడాది తర్వాత అతడే మరో కార్మికుణ్ణి చేయిపట్టి తీసుకొచ్చాడు. "నొప్పి లేదంటుండు సారు. కొట్టి సూడుండ్రి."

పరీక్ష రోజు కోసం కాక ప్రతిరోజూ చక్కెరను అదుపులో ఉంచాలి. నాకు తెలిసిన పాఠం ఇదే. వైద్యంలో నేను పొరబడితే తోటి వైద్యులు, రాతి శబ్దం విషయంలో పొరబడితే గని కార్మికులు నన్ను సరిదిద్దండి. మీ మౌనాన్ని నేను అంగీకారంగా తీసుకోను.