గట్టు మీది బీగరు

దేశనూరు రుద్రమ్మకు ఎలుకను ఎలుక అంటే కోపం. పేరు పెట్టి పిలిస్తే పగబట్టి చేను కొరుకుతాయని ఆమె నమ్మకం. అందుకే వాటిని ‘బీగరు’ అనేది. ఆ సీమలో వియ్యాలవారిని అలాగే అంటారు. బీగరిని ప్రేమించకపోయినా ఫరవాలేదుగానీ, మర్యాద తగ్గితే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తారని ఆమె సిద్ధాంతం.

ఆమె వరిమడికీ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మాణిక్యం మడికీ నడుమ పెద్ద గట్టు ఉంది. దాని నిండా తంగేడు, బలుసు పొదలు. బీగరి కాపురం అక్కడే. ఏటా వినాయక చవితి మరునాడు రుద్రమ్మ ఆ పొదల మొదట్లో కడుబులు, అంటే కుడుములు పెట్టి, "మీ భాగం ఇదే, మా కంకి ముట్టొద్దండి" అని దండం పెట్టేది. అవి కడుబులూ తినేవి, కంకులూ తినేవి. అది వేరే సంగతి.

ఈసారి ఆమె కడుబుల గిన్నెతో వెళ్ళేసరికి మాణిక్యం కొడవలి పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది.

"ఈ డొంకంతా కొట్టించేస్తాను రుద్రమ్మా. నా చేనంతా ఎలకలే మేసేస్తున్నాయి."

"మెల్లగా అనక్కా, ఇనపడ్తాది! తరిమితే యాడికి పోతారు? కోపమొచ్చి నీ మడిలోనే దిగుతారు. బీగరికి ఒక కడుబు పెట్టి మంచిగా మాట్లాడితే పోయేదేముండాది?"

"మరి యశ్వంతనగర్ బీగరికి ఒక్క కడుబైనా పెట్టావా?" అంది మాణిక్యం.

రుద్రమ్మ గబగబా వంగి పొద మొదట్లో ఒక కడుబు పెట్టింది. ఆమె కూతురు మేఘను ఇచ్చింది యశ్వంతనగర్‌లోనే. జాతరలో వియ్యాలవారు అందరికీ తాంబూలమిచ్చి తనను మరిచారని అలిగి, ఏడాదిగా ఆ గడప తొక్కలేదు. మేఘ కడుపుతో ఉందన్న కబురు కూడా పక్కింటివాళ్ళ నోట వింది. ఆనాటి నుంచి కంటి నిండా నిద్ర లేదు, అయినా పంతం వదల్లేదు.

పొదలోంచి ఓ చిట్టెలుక ముక్కు బయటపెట్టింది. కడుబు అంచు పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. నిరుడు వరి కొరికిన సిగ్గు దానికేమీ లేదు. రుద్రమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నేనొచ్చేదాకా పొదలు కొట్టద్దక్కా" అని, మిగిలిన కడుబుల మీద మూతపెట్టి బస్సెక్కింది.

సాయంత్రానికి యశ్వంతనగర్‌లో వియ్యపురాలు తలుపు తీసింది. దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ రుద్రమ్మ మరిచిపోయింది. గిన్నె ముందుకు పట్టి, అలవాటైన మాటే అనేసింది.

"మీ భాగం ఇదే..."

తరువాతి ముక్క ‘మా కంకి ముట్టొద్దండి’ అని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. వియ్యపురాలు గిన్నె అందుకుని లోపలికి కేకేసింది.

"మేఘా! మీయమ్మ వచ్చినాది. తాంబూలం తట్ట ఈడికి తే."