చివర రాయని కలలు

హిందూపురం బస్టాండు దాటాక, టీ బంకు పక్కన ఎవరో శనక్కాయ పొట్టు తగలబెడుతున్నారు. ఆ పొగ ముక్కుకు తగలగానే పొద్దుటి నుంచి అణచుకున్న నా కోపం రెట్టింపయింది. కథలు రాయడం నేర్పే శిబిరంలో ఒక యువ అధ్యాపకుడు, కలలను రాసిపెట్టుకోవడం ఈమధ్యే పైదేశాల నుంచి వచ్చిన పద్ధతి అన్నాడు. పైగా లేచీలేవగానే కలను చివరిదాకా ఫోనులో ఎక్కించాలట. కొత్తదనడం తప్పు. చివరిదాకా అనడం అంతకన్నా పెద్ద తప్పు.

పెనుకొండలో మా పెరట్లో నీళ్ల పొయ్యి ఉండేది. చలికాలం తెల్లవారుజామున అవ్వ గుప్పెడు గుప్పెడు పొట్టు ఎగదోస్తుంటే, రాగి అండాలో నీళ్లు సన్నగా కూనిరాగం తీస్తుంటే, పిల్లలం కంబళ్లు కప్పుకొని ఆ మంట చుట్టూ చేరేవాళ్లం. ముఖం కడగకముందే కల చెప్పాలి. కడిగితే దాని రంగు పోతుందని అవ్వ నియమం. ప్రతి కలనూ ఆమె ఒప్పుకొనేది కాదు. ఉగాదికి బొబ్బట్లు దండిగా తిన్న మర్నాడు నేను ఏనుగు మీద ఊరేగానని చెబితే, "అది కల గాదులేవే, నీ కడుపులో ఓళిగ మాట్లాడతాండాది" అని తోసిపుచ్చింది.

చెప్పినవి మరిచిపోతున్నానన్న దిగులుతో రాయడం మొదలుపెట్టాను. ధర్మవరంలో మగ్గం నేసే మామ, చీర అంచుల బొమ్మలు గీయగా మిగిలిన గళ్ల కాగితాలు తెచ్చిస్తే, దారంతో కుట్టి పుస్తకం చేసుకున్నాను. అవ్వ ఒక్కటే షరతు పెట్టింది: కల చివర రాయకూడదు. అక్కడ జాగా వదిలి, మెలకువలో ఆలోచించి నేనే నింపాలి.

ఆ ఏడు శనక్కాయలు పీకే రోజుల్లో అమ్మకు జబ్బు చేసింది. నాయన ఆమెను హిందూపురం ఆసుపత్రిలో చేర్చి అక్కడే ఉండిపోయాడు. కబురు లేదు. ఒక తెల్లవారుజామున కల వచ్చింది. అమ్మ మా ఊరి కోట మెట్లు ఎక్కిపోతోంది. కింద నుంచి ఎంత పిలిచినా వెనక్కి తిరగడం లేదు. పొయ్యి దగ్గర ఏడుస్తూ రాస్తుంటే అవ్వ నా పెన్సిలు పట్టుకుంది.

"ఆడికి నిలుపు పాపా."

"అమ్మ తిరగలేదవ్వా!"

"అది కల చెప్పిండే మాట. నువ్వేం చెప్తావో రాయి. మీ అమ్మే గదా?"

పొట్టు ఆరి, మళ్లీ రాజుకొనేదాకా కూర్చున్నాను. తర్వాత అమ్మను వెనక్కి తిప్పాను, ఒక్కొక్క మెట్టే దింపాను, చేతిలో సీతాఫలం పెట్టి ఇంటికి తెచ్చాను. నా మొదటి కథ అదే.

కొన్నాళ్లకు అమ్మ చిక్కి సగమై, నాయన భుజం పట్టుకొని వచ్చింది. కథ వల్ల వచ్చిందని నేను అనను. మందుల వల్ల వచ్చింది. మంచం మీద పడుకొని నా చేత ఆ కథ చదివించుకుంది.

"బాగుండాది గానీ, ఏమే, నా చెప్పులు యాడ పెట్టినావు? అంత ఎండలో ఉత్తకాళ్లతో దింపుతావా నన్ను?"

అవ్వ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేను ఆ పూటే చెప్పులు చేర్చి కథ తిరగరాశాను. ఆ తర్వాత నా రాతల మీద ఎందరో విమర్శలు చేశారు. అంత పనికొచ్చినది మరొకటి లేదు.

ఇప్పుడు ఆ పొయ్యి ఉన్న చోట గీజరు ఉంది. ముఖం కడగకముందు అందరూ చూసేది ఫోను. ఏం కల వచ్చిందని అడిగేవారు లేరు. అవ్వ లేదు, అమ్మా లేదు. నా పుస్తకాలు మాత్రం తేదీల వరుసలో బీరువాలో ఉన్నాయి, ప్రతి కల కిందా జాగాతో.

నిన్న తెల్లవారుజామున అమ్మ మళ్లీ కలలోకి వచ్చింది. అవే మెట్లు ఎక్కుతోంది, వెనక్కి తిరగలేదు. అక్కడికే రాసి ఆపాను. కింది జాగాలో, మొదటి మెట్టు పక్కన, ఈసారి ముందే చెప్పులు పెట్టాను.