సూపు కింద పుర్రెలు

ఆ ఆఫీసు కేంటీన్లో సూపు వడ్డించిన రోజున బల్ల బల్లకీ ముళ్ల చెంచాలు వెళ్లాయి. తినేవాళ్లు మర్యాదస్తులు. కాసేపు ముళ్లతో సూపు కలియబెట్టి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, గిన్నెలెత్తి తాగేశారు.

తప్పెవరిదో చెప్పాలంటే ముందు స్టీలక్క అలవాటు చెప్పాలి. సామాన్ల గది ఆవిడదే. కిటికీలోంచి ఎవరేమడిగినా బొటనవేలెత్తి చూపించేది. "విన్నాన్లే, ఆగు" అని దానర్థం. ఇప్పుడు అడగడాలన్నీ ఫోన్లో గ్రూపులోకి మారాయి గానీ ఆవిడ వేలు మారలేదు. వంట మాస్టారు "సూపుకి స్పూన్లు" అని రాస్తే వేలు బొమ్మ పెట్టింది. వడ్డించే అమ్మాయిలకు వేలంటే "సిద్ధం, పట్టుకెళ్లండి" అని. బల్ల మీద కడిగి ఆరబెట్టిన చెంచాల పెట్టె కనిపించింది, పట్టుకెళ్లారు. మాస్టారి లెక్కలో ఫోర్కూ స్పూనే, గరిటే స్పూనే కాబట్టి ఆయనా అడ్డుచెప్పలేదు.

"పెట్టెలో ఏముందో చూసుకోవద్దూ తల్లీ?"

"మీరు వేలు పెట్టారుగా అక్కా."

అంతటితో పోయేదే. కానీ ఒకమ్మాయి ముళ్ల చెంచా మునిగిన సూపు గిన్నెను ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. దాని కింద వరసగా పుర్రె బొమ్మలు పడ్డాయి.

స్టీలక్కకు పుర్రె తెలియనిదేం కాదు. తొట్టి పక్కన, మురుగు గొట్టాల్లో పోసే మందు డబ్బా మీద అదే బొమ్మ, కింద 'విషం' అన్న మాట. పొద్దున ఆ డబ్బాను జరిపింది తనే. జరిపిన చేత్తోనే చెంచాలు తోమిందా? మధ్యలో చెయ్యి కడుక్కుందా? గుర్తు చేసుకున్నకొద్దీ ఓసారి కడుక్కున్నట్టూ, ఓసారి లేనట్టూ.

ఇక కాలు కాలిన పిల్లే. భోజనాల గదిలోకెళ్లి సూపు తాగినవాళ్లను ఒక్కొక్కరినే చూసింది. ఎవరో దగ్గితే అటు పరిగెత్తింది. లెక్కల సెక్షన్ ఆయన చేతులు కడుక్కుంటుంటే వెనకాలే నిలబడి, "కడుపులో ఎలా ఉంది బాబూ?" అంది. ఆయన పొట్ట లోపలికి పీల్చుకుని, "ఈమధ్య నడుస్తున్నానండీ," అన్నాడు. ఫోన్ చూస్తే ఇంకో పుర్రె. ఈ పుర్రెలేమిటని అడగాలన్నా నోరు రాలేదు, అడిగితే ఒప్పుకున్నట్టేనాయె. గదిలోకొచ్చి తలుపేసుకుని, ఉన్న చెంచాలూ గరిటెలూ అన్నీ సలసల కాగే నీళ్లలో పోసి, సబ్బు మీద సబ్బు అరగదీసింది.

సాయంత్రం ఇంటికెళ్లగానే ఫోన్ కూతురి చేతిలో పెట్టింది. "ఎంతమందికి ఏమైందో చూడవే."

కూతురు చూసి కిసుక్కుమంది. "నవ్వుతున్నారమ్మా వీళ్లు."

"పుర్రె నవ్వడమేంటే?"

"నవ్వలేక చచ్చాం అని."

"అంటే ఎవరూ పోలేదుగా?"

"ఎవరూ పోలేదు."

"నవ్వొస్తే పళ్లున్న బొమ్మ పెట్టొచ్చు కదే. చక్కగా ఉంటుంది."

"అవి మీ వయసువాళ్లు పెడతారమ్మా."

స్టీలక్క గ్లాసెడు మంచినీళ్లు తాగి, కుర్చీలో కూలబడింది.

మర్నాడు పొద్దున్నే ఫోటో పెట్టిన అమ్మాయి కిటికీ దగ్గరికొచ్చింది. "ఏం కడిగారక్కా, చెంచాలన్నీ సబ్బు కంపు. కాఫీ కూడా సబ్బులాగే ఉందని అక్కడ అందరూ నన్ను తిడుతున్నారు."

స్టీలక్క తుడుస్తున్న గరిటె మీద నుంచి తలెత్తలేదు.

"పుర్రెలు మీరు పెట్టారు, సబ్బు నేను పెట్టాను."